తమ్ముడు తెచ్చిన టమాటా డబ్బా

డయాలసిస్ గది బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లను రెండే ప్రశ్నలు అడుగుతారు. ఎన్నాళ్ల నుంచి అని ఒకటి, ఇంట్లో ఎవరైనా ఇస్తున్నారా అని ఇంకొకటి. ఏమిటి ఇచ్చేది అని ఎవరూ విడమర్చి చెప్పరు. అక్కడ కూర్చున్నవాళ్లందరికీ కావలసింది ఒక్క కిడ్నీయే. మొదటి ప్రశ్నకు నేను తడుముకోకుండా జవాబు చెప్పేదాన్ని. రెండోదానికి "మా తమ్ముడు ఇస్తనన్నడు" అనేదాన్ని. అబద్ధమేమీ కాదు. అన్నాడు. ఒక్కసారి అన్నాడు.

ఆ ఒక్కసారి చుట్టూ నాకు ఏడాది గడిచిపోయింది. ఇప్పుడు కాస్త నిలదొక్కుకున్నాను కాబట్టి రాస్తున్నాను. నిలదొక్కుకోవడమంటే నయమవడం అనుకోకండి. పొద్దున లేవగానే ఏడుపు రాకుండా పళ్లు తోముకోగలుగుతున్నాను, అంతే. ఆ కుర్చీల్లో ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, నేను చూపించిన తెలివి వాళ్లు చూపించకుండా ఉంటారేమోనని ఒక చిన్న ఆశ.

బోనాల నెల

మాది లాల్‌దర్వాజా. సందు మొదట్లో నాకొక మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్ ముక్కలు, ఫాల్స్, లైనింగులు అమ్ముతాను. పుట్టింటివాళ్లది బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం. బాపు గల్లా దగ్గర కూర్చుంటే, నేనూ తమ్ముడు రాజేందరూ గిన్నెల దొంతరల వెనక పెరిగాం. బడిలో నేర్పినవి ఏవీ గుర్తులేవు గానీ బాపు నేర్పినవి అన్నీ గుర్తున్నాయి. మొదటి మాట ఎప్పుడూ అసలు ధర కాదు. కావలసిన గిన్నె వైపు కన్నెత్తి చూడకు, దాని పక్కదాన్ని పట్టుకుని అడుగు. వద్దని నాలుగడుగులు వెయ్యి, వెనక నుంచి పిలుపు వస్తుంది.

ఈ విద్యతోనే బతుకంతా నెట్టుకొచ్చాను. కూరగాయల బండి దగ్గర, ఆటో దగ్గర, ఆఖరికి మా అబ్బాయి బడి ఫీజు దగ్గర కూడా బేరమాడాను. మా ఆయన యాదగిరి బస్సు డిపోలో మెకానిక్కు. నాతో బజారుకు వస్తే ఎదురు సందులో నిలబడేవాడు, నన్ను ఎరగనట్టు.

కాళ్లు వాచినప్పుడు దుకాణంలో నిలబడి నిలబడి వాచాయనుకున్నాను. మొహం వాచినప్పుడు నిద్ర ఎక్కువైందనుకున్నాను. అన్నం ఉడికే వాసనకే వాంతి వచ్చిన రోజు యాదగిరి ఇక నా మాట వినలేదు, ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ కాగితాలు చూసి, రెండు కిడ్నీలూ పాడైపోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవాలి అంది. నేనేమన్నానో చెబితే మీరు నవ్వుతారు. మూడెందుకు మేడం, రెండుతో చూద్దాం అన్నాను.

ఆమె నవ్వలేదు. నేను కుర్చీలోంచి లేచి తలుపు దాకా నడిచాను కూడా. వెనక నుంచి పిలుపు రాలేదు. ఆమె అప్పటికే తరవాతి పేషెంటు కాగితాలు తీసుకుంది. తలుపు బయట, ఎవరెవరో ఎక్స్‌రే కవర్లు పట్టుకుని నిలబడిన ఆ వరండాలోకి వచ్చి నిలబడ్డాను. బజారు కాని చోటుకు వచ్చానని అప్పుడు తెలిసింది.

యాదగిరిది పరీక్ష చేస్తే షుగర్ బయటపడింది, ఇవ్వడానికి పనికిరాదన్నారు. అబ్బాయి ఇంకా బడికి పోతున్నాడు. బాపూ అమ్మా లేరు. మిగిలింది రాజేందర్ ఒక్కడు. నాదీ వాడిదీ ఒకటే రక్తం గ్రూపు.

బోనాల పండగనాడు వాడు పెళ్లాం పిల్లలతో ఇంటికి వచ్చాడు. ఆ ఏడు బోనం నేను ఎత్తుకోలేదు. డయాలసిస్ కోసం మెడలో గొట్టం పెట్టి ఉంది, దాని మీద పట్టీ వేసి ఉంది. మరదలు ఎత్తుకుని పోయింది. వీధిలో డప్పులు మోగుతున్నాయి. ఇంట్లో వాడూ నేనే ఉన్నాం. మంచం పట్టె మీద కూర్చుని కాసేపు నేల చూశాడు. తరవాత అన్నాడు.

"అక్కా, నాది నీ గ్రూపే కద. నాది తీస్కో."

ఎదురుచూస్తున్న మాటే అది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ దాని కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాను. అప్పుడు నేనేమనాలి? చెయ్యి పట్టుకుని ఏడ్వాలి, సరే అనాలి. కానీ నేను బేగంబజార్ గిన్నెల వెనక పెరిగినదాన్ని. కావలసిన వస్తువు వైపు ఎట్లా చూస్తాను? గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తూ, "వద్దురా, చిన్న పిల్లలు గలోనివి. ఇప్పుడేం తొందర, చూద్దాం తియ్" అన్నాను.

మా ఇంట్లో చాయ్ ఇస్తే కూడా రెండుసార్లు వద్దని మూడోసారి పుచ్చుకుంటాం. వాడు రెండోసారి అంటాడు, నేను కొంచెం మెత్తబడతాను, మూడోసారికి సరే అంటాను. నా లెక్క అది.

వాడు నా వైపు చూశాడు. "సరె అక్కా. నువ్వెట్లంటె గట్ల" అని లేచి, డప్పులు చూడటానికి గడపలోకి వెళ్లి నిలబడ్డాడు.

ఆ నెలలోనే డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. చనిపోయినవాళ్ల కిడ్నీల కోసం పేరు రాయించుకోవచ్చు, ముందు రాయించుకున్నవాళ్లకు ముందు వచ్చే వీలుంటుంది, ఎందుకైనా మంచిది రాయించుకోండి అంది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లది మాకెందుకు మేడం, మా తమ్ముడు ఉన్నాడు అన్నాను.

దసరా దాటాక

డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో నరాలు కలిపి కుట్టారు. అక్కడ చెయ్యి పెడితే పిల్లి గొంతులా గరగరమంటుంది. ఆ గరగర ఉన్నంతసేపే నేనున్నట్టు. దుకాణంలో గిరాకీ లేనప్పుడు మాటిమాటికీ తాకి చూసుకునేదాన్ని.

సూదులకు అలవాటు పడవచ్చు. దూపకు అలవాటు పడలేం. రోజుకు తాగవలసిన నీళ్లు ఒక చిన్న సీసాలో పోసుకుని దానితోనే సరిపెట్టుకోవాలి. చాయ్, మజ్జిగ, పప్పుచారు అన్నీ ఆ లెక్కలోనే. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి, కూర్చోలేం, పడుకోలేం. మా యాదగిరి నా ముందు నీళ్లు తాగడం మానేశాడు. స్నానాల గదిలోకి పోయి, నల్లా తిప్పి, ఆ చప్పుడులో తాగి వచ్చేవాడు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

వెయిటింగ్ హాల్లో ధూల్‌పేట్ నుంచి వచ్చే పెద్దాయన ఒకరు ఉండేవారు. వినాయకుడి విగ్రహాలు చేసేవారట, చేతివేళ్ల సందుల్లో ఇంకా రంగు ఉండేది. ఒకరోజు నేను పెదవులు నాక్కోవడం చూసి జేబులోంచి ఇలాచీ తీసి ఇచ్చారు. "నమలకు బిడ్డా, బుగ్గన పెట్టుకో. దూప మోసపోతది" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా బేరం ఒకటి నడిచేది. ఆయన మంచం కిటికీ పక్కన ఉండేది. నాది మూల, గోడకేసి. ఒక్క వారం మార్చుకుందామని నేను, రెండు ఇలాచీలు ఎక్కువిస్త గని మంచం ఇయ్యనని ఆయన. సిస్టర్లు కూడా నవ్వేవారు.

రాజేందర్ మాత్రం రాక తగ్గించాడు. ఫోన్ చేస్తే ఎట్లున్నవ్ అక్కా అంటాడు, మంచిగున్న అంటాను. గిరాకీ వచ్చిందని పెట్టేస్తాడు. రెండో మాట కోసం నేను చెవి ఒగ్గి ఉంటే, వాడి వెనక సామాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

దసరా దాటిన ఒక ఆదివారం వాడు పెద్ద అట్టపెట్టె మోసుకుని వచ్చాడు. బాపు పోయాక వాడు స్టీలు తగ్గించి ప్లాస్టిక్కు, ఇంటికి కావలసిన కొత్త కొత్త వస్తువులు పెట్టాడు. పెట్టె విప్పితే తెల్లటి డబ్బా. కింద నీళ్ల తొట్టి, అందులో చిన్న పంపు, మీద కన్నాలు, వాటి మీదికి గొడుగులా వంగిన లైటు. మట్టి అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు, నీళ్లలోనే మొక్కలు పెరుగుతాయి అని విడమర్చి చెప్పాడు. గచ్చిబౌలి ఫ్లాట్లవాళ్లు కొంటారని తెప్పించాడట. ఎవరూ కొనలేదట.

"నాలుగు పీసులు గట్లనే పడి ఉన్నయి అక్కా. ఒకటి నీకు తెచ్చిన. ఇంట్ల కూసుంటె పొద్దు పోతది. టమాటలు కాస్తయి."

వాడు వెళ్లాక యాదగిరి ఫ్రిజ్ మీద అతికించిన కాగితం ముందు నిలబడ్డాడు. కిడ్నీ పేషెంట్లు తినకూడనివి ఆసుపత్రిలో రాసి ఇచ్చిన కాగితం అది. మొట్టమొదట టమాటా ఉంది. పొటాషియం ఎక్కువ, గుండె ఆగిపోతుంది.

"మీ తమ్మునికి నిన్ను జల్ది పంపాల్నని ఉన్నట్టుంది" అన్నాడు.

నవ్వాను. ఆ రోజుల్లో నవ్విన నవ్వులన్నీ అలాంటివే. తూకం అయ్యాక దుకాణదారు ఒక గుప్పెడు మీదికి వేస్తాడు, దాన్ని కొసరు అంటాం. వీడు సరుకు ఇవ్వకుండానే కొసరు వేసిపోయాడు. అదీ అమ్ముడుపోని మాల్.

అయినా పెట్టాను. ఎందుకు పెట్టానంటే, వాడు ఇచ్చింది అదొక్కటే కాబట్టి. వంటగదిలో గ్యాస్ పొయ్యి పక్కన గట్టు మీద పెట్టాను, ఖాళీ ప్లగ్గు అక్కడే ఉంది. మాది కింది పోర్షను, ఎండ పొడ రాదు. కన్నాల్లో స్పాంజి ముక్కలు, వాటిలో గింజలు. రెండు సీసాల్లో మందు ఇచ్చారు, నీళ్లలో కలపడానికి. మా బోరు నీళ్లు ఉప్పు. అవి పోస్తే మొలకలు పసుపెక్కాయి. పారేసి మళ్లీ మొదలుపెట్టి, తాగే క్యాను నీళ్లు పోశాను. అప్పుడు పట్టుకున్నాయి. వేళ్లు తెల్లగా, సేమ్యాల్లా తొట్టిలోకి దిగాయి. ఆ లైటు పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా వెలుగుతూనే ఉండాలి. వీధిలోవాళ్లు మా వంటింటి కిటికీ చూసి, సరితక్క కొత్త దుకాణం తెరిచిందా అని అడిగారు.

ఆ డబ్బాకు ఒక గుణం ఉంది. తొట్టిలో నీళ్లు తగ్గితే ఎర్ర లైటు వెలిగించి కుయ్యి కుయ్యిమంటుంది. పోసేదాకా ఊరుకోదు. పక్కింట్లో వినపడేలా అడుగుతుంది. నేను పోయి చెంబుతో పోసేదాన్ని. గుడగుడమని లోపలికి దిగుతుంటే నా గొంతు దానంతట అదే కదిలేది. నా సీసా పక్కనే, అడుగున రెండు గుక్కలతో ఉండేది. ఆ నెలల్లో నేను ప్రపంచంలో ఎవరి మీదైనా అసూయపడ్డానంటే ఆ టమాటా చెట్టు మీదే.

చలికాలం

పూలు వచ్చాయి. చిన్నవి, పసుపువి, తల దించుకుని ఉండేవి. ఎవరికీ చెప్పకుండా మనసులో ఒకటి అనుకున్నాను. కాయ కాస్తే రాజేందర్ రెండోసారి అంటాడని. అమ్మవారికి మొక్కుకునే ధైర్యం లేక ఒక ప్లాస్టిక్ డబ్బాకు మొక్కుకున్నాను.

పూలు రాలిపోయాయి. మళ్లీ వచ్చాయి, మళ్లీ రాలాయి. రోజూ పొద్దున గట్టు మీద నుంచి ఎండిన పూలు ఏరేదాన్ని. ఒకరోజు వాటిని గుప్పిట్లో పట్టుకుని వంటగదిలో కూర్చుండిపోయాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా లేవలేదు. యాదగిరి వచ్చి గ్యాస్ కట్టేశాడు.

"పూలకు ఏడుస్తున్నవా?"

"కాదు."

"మరి పోయి అడుగు. రాజేందర్‌ను అడుగు. నోరు లేదా నీకు?"

"నేనే అడిగితే ఇంక ఏముంటది?"

"ఏముంటదంటె? ఇదేమన్న బేరమా సరితా?"

మరి ఏమిటి, అన్నాను. ఆయన చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. నేను అడగకపోతే తానే బేగంబజార్ పోయి అడుగుతానన్నాడు ఇంకోరోజు. అబ్బాయి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను, పోకూడదని. ఆ తరవాత మేమిద్దరం ఉప్పు, పప్పు, ఆసుపత్రి టైము తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. నా దగ్గర కూర్చోవడం మానేసి డిపోలో ఓవర్‌టైములు వేయించుకున్నాడు. అలిగి కాదు. నన్ను చూస్తూ కూర్చోలేక.

మీకు తెలివితక్కువగా అనిపిస్తుంది. ప్రాణం పోతుంటే అడగడానికేం అని. కానీ అడిగితే వాడు కాదనవచ్చు. అడగనంతకాలం, వాడు బోనాలనాడు అన్న మాట నా దగ్గర ఉంటుంది. దాన్ని చూపించి వెయిటింగ్ హాల్లో తల ఎత్తుకుని కూర్చునేదాన్ని.

ఇంట్లో పెట్టిన టమాటా పూలు ఎందుకు రాలతాయో యాదగిరే ఫోన్లో చూసి చెప్పాడు. గదిలో గాలి ఉండదు, తేనెటీగలు రావు. ఎవరో ఒకరు పువ్వును కదిలించాలట, అప్పుడే పుప్పొడి రాలి కాయ కడుతుందట. మాటలు తగ్గిన రోజుల్లో కూడా ఆ ఒక్కటి చెప్పి వెళ్లాడు. అప్పటి నుంచి పొద్దున పళ్లు తోముకున్నాక ఒక్కొక్క పూకాడనూ వేలితో మీటేదాన్ని.

ఆ రోజుల్లోనే ధూల్‌పేట్ పెద్దాయన రావడం మానేశారు. ఒకసారి రాలేదు. రెండోసారీ రాలేదు. కుర్చీల్లో ఎవరూ ఏమీ అడగలేదు, అక్కడ ఎవరూ అడగరు. మూడోసారి సిస్టర్ నా దగ్గరికి వచ్చి, మీకు కిటికీ పక్క మంచం కావాలన్నారు కదా, ఇవాళ్టి నుంచి అదే తీసుకోండి అంది.

ఎన్ని వారాలు బేరమాడానో దాని కోసం. పడుకుని కిటికీలోంచి చూస్తే ఆసుపత్రి వెనక గోడ, ఒక పాత కూలరు కనబడ్డాయి. ఆయన ఏం చూసేవారో రోజూ.

ఎండాకాలం

కాయలు కట్టాయి. గోలీల్లా గుత్తులు గుత్తులుగా కట్టాయి. పచ్చనివి పసుపెక్కి, నారింజ రంగు తిరిగి, ఎరుపెక్కాయి. మా అబ్బాయి ఫొటో తీసి మామయ్యకు పంపాడు. మస్తున్నయి అని జవాబు వచ్చింది. నేను ఆ రోజంతా ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఇంకేమీ రాలేదు.

ఎండలు ముదిరాయి. పెళ్లి ముహూర్తాలు కూడా అప్పుడే. దుకాణంలో జాకెట్ ముక్కల కోసం ఆడవాళ్లు నిలబడే చోటు లేదు. నాకు డయాలసిస్ రోజు. ఒక్కసారి మానితే ఏమవుతుంది, ఎల్లుండి పోతాను కదా అని నాతో నేనే బేరం కుదుర్చుకున్నాను. ఎదుటివాళ్లు ఒప్పుకోనప్పుడు మనిషి తనతోనే బేరమాడుతుంది, అక్కడ తేలిగ్గా గెలుస్తుంది. యాదగిరికి, పోయివచ్చానని చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం దుకాణం మూసి ఇంటికి వచ్చాను. నాలుక అట్టముక్కలా ఉంది. సీసా ఖాళీ. డబ్బా కుయ్యిమంటోంది. చెంబు తీసుకుని పోశాను. పోస్తూ పోస్తూ ఆ ఎర్రటి పండు ఒకటి చూశాను, చర్మం బిగుతుగా, లోపల అంతా నీళ్లే. ఇది నీళ్ల లెక్కలోకి రాదు కదా అనుకున్నాను. ఒక్క గోలీ అంత కాయకు ఎవరి గుండె ఆగుతుంది?

నోట్లో పగిలింది. పుల్లగా, చల్లగా, తియ్యగా గొంతులోకి దిగింది. ఎన్ని నెలలకు! రెండోది తిన్నాను. తరవాత లెక్క లేదు. చెట్టు మొత్తం దులిపేశాను, నారింజ రంగువి కూడా వదలలేదు. అడుక్కునేదానిలా గట్టు పట్టుకుని నిలబడి తిన్నాను. తింటున్నంతసేపూ ఏడుస్తున్నాను. ఆ తినడంలో దూప ఎంత ఉందో, నాకేమైనా అయితే రాజేందర్‌కు తెలిసి వస్తుందన్న పాపపు ఆలోచన ఎంత ఉందో నేను ఇప్పుడు విడదీసి చెప్పలేను.

సాయంత్రానికి పెదవులు తిమ్మిరెక్కాయి. మూత్రానికి లేద్దామంటే కాళ్లు నావి కావు. గుండె ఒకసారి కొట్టుకుని, ఆలోచించుకుని, మళ్లీ కొట్టుకున్నట్టు ఉంది. అబ్బాయి వాళ్ల నాన్నకు ఫోన్ చేయడం వినపడింది. ఆటోలో యాదగిరి నన్ను ఒళ్లో వేసుకుని చార్మినార్ వైపు రద్దీలో డ్రైవర్‌ను బతిమాలుతున్నాడు. నాకు మెలకువగానే ఉంది. చచ్చిపోతున్నానని స్పష్టంగా తెలుసు. భయపడతానని అనుకున్నాను గానీ, సిగ్గేసింది. టమాటాలు తిని చచ్చిందట అని సందులో చెప్పుకుంటారని.

ఆసుపత్రిలో ఏం చేశారో రాయను, నాకు తెలియదు కూడా. కళ్లు తెరిచేసరికి మిషను నడుస్తోంది. సిస్టర్ నా నుదుటి మీద తడిగుడ్డతో తుడుస్తోంది. కోప్పడుతుందనుకున్నాను. "ఎట్లుండె టమాటలు?" అని అడిగింది మెల్లగా. మంచిగున్నయి సిస్టర్ అన్నాను. ఆమె పెదవులు కూడా తడిపి వెళ్లింది.

మర్నాడు రాజేందర్ వచ్చాడు. యాదగిరి వాడిని చూసి బయటికి వెళ్లాడు. వాడు మంచం పక్కన నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది.

"నా డబ్బనే నీకు ఇసమైంది అక్కా" అన్నాడు.

చావు అంచుదాకా పోయివచ్చినా మనిషి బుద్ధి మారదు. వాడి మొహం చూడగానే నా లోపల గల్లా మీద కూర్చున్న మనిషి లేచి కూర్చుంది. ఎదుటివాడు మెత్తబడ్డాడు. ఇంతకన్నా మంచి సమయం మళ్లీ దొరకదు. అది గ్రహించే అడిగాను, మంచితనంతో కాదు. కాకపోతే మొట్టమొదటిసారి, కావలసినదాని వైపు నేరుగా చూసి అడిగాను.

"రాజూ, నీ కిడ్నీ నాకిస్తవా?"

మిషను తిరుగుతూనే ఉంది. పక్క మంచం మీదావిడ కళ్లు మూసుకుని నిద్ర నటిస్తోంది.

"భయమైతుంది అక్కా."

నేను వాడి మొహమే చూస్తున్నాను.

"ఆ రోజు నువ్వు వద్దంటివి కద. ఇంటికి పోయి, బతికిపోయిన అనుకున్న. ఆ మాట యాదికొస్తె నీ మొకం చూడబుద్ది కాలె. అందుకే రాలె."

"మరి ఎందుకన్నవురా ఆ రోజు?"

వాడు చొక్కా చివరతో కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు మొదటిసారికి తీసుకోవని తెల్సు."

ఒకే తండ్రి కడుపున పుట్టినవాళ్లం. వాడు నాకన్నా బాగా నేర్చుకున్నాడు. నేను నీ రెండో మాట కోసం ఏడాదంతా చూసిన రా అన్నాను. వాడు గోడకు తల ఆనించి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. కలిగిందని రాయవచ్చు, రాయను. పో అన్నాను. వెళ్లిపోయాడు.

మళ్లీ వానలు

ఇంటికి వచ్చాక యాదగిరి ఆ డబ్బాను బయట పారేస్తానన్నాడు. వద్దన్నాను. చెట్టు మళ్లీ పూసింది కూడా, నేను మీటలేదు. ఎండలకు తొట్టిలో నీళ్లు వేడెక్కి వేళ్లు గోధుమరంగు తిరిగి వాసన వచ్చాయి. ఒకరోజు ప్లగ్గు తీసేశాను. ఆ సన్నటి పంపు చప్పుడు ఇన్నాళ్లూ వంటింట్లో ఉందని అది ఆగాకే తెలిసింది. చెట్టును పీకితే వేళ్లన్నీ ఒకదానికొకటి అల్లుకుని డబ్బా ఆకారంలోనే బయటికి వచ్చాయి. చెత్త బండివాడికి ఇచ్చాను.

రాజేందర్ కాదన్న వారానికి పోయి, చనిపోయినవాళ్ల కిడ్నీ కోసం పేరు రాయించుకున్నాను. ఏడాది వెనకబడ్డాను. నా వెనక మొదలైనవాళ్లు, ఇలాచీల సంగతి కూడా ఇంకా తెలియనివాళ్లు, వరసలో నాకన్నా ముందున్నారు. ఫోన్ ఎప్పుడూ ఛార్జింగులో ఉంచుకోమన్నారు. ఏదో ఇంట్లో, బండి మీద బయటికి పోయిన మనిషి తిరిగి రాకపోతే నాకు ఫోన్ వస్తుంది. ఫోన్ మోగినప్పుడల్లా గుండె లేస్తుంది. లేచినందుకు అసహ్యం వేస్తుంది. దుకాణంవాళ్ల ఫోనో, పాలవాడి ఫోనో అయితే రెండూ తగ్గుతాయి.

చదివేవాళ్లకు చెప్పేదొక్కటే. ఎవరైనా ఇస్తామంటే ఆ నిమిషమే చెయ్యి పట్టుకోండి. అనకపోతే మీరే అడగండి. కాదనవచ్చు. కాదంటే చాలా నొప్పి. కానీ అది మొదటి నెలలోనే నొప్పి పెడితే, మిగతా నెలలు మీకు దక్కుతాయి. నాకు దక్కలేదు.

రాజేందర్‌తో మాటలు లేవు. రాఖీ పండగకు నేను పిలవలేదు, వాడు రాలేదు. ఆ తరవాత ఒక గురువారం, మిషను మీద నుంచి దిగి గోడ పట్టుకుని బయటికి వచ్చేసరికి, వెయిటింగ్ హాల్లో చివరి కుర్చీలో వాడు కూర్చుని ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు. పండ్లు లేవు, అట్టపెట్టె లేదు. యాదగిరికి ఆ రోజు డ్యూటీ, రాలేడని వాడికి ఎట్లా తెలిసిందో నేను అడగలేదు. నన్ను చూసి లేచాడు, నా సంచి తీసుకున్నాడు. ఆటోలో నా పక్కన కూర్చున్నాడు. వాకిట్లో దింపి వెళ్లిపోయాడు.

మళ్లీ గురువారం వచ్చాడు. ఆ మళ్లీ కూడా. దుకాణంలో మరదల్ని కూర్చోబెట్టి వస్తున్నాడట. నేను క్షమించానా అంటే, తెలియదు. వాడిని చూసినప్పుడల్లా ముందు నా చూపు వాడి నడుము వైపే పోతుంది, తరవాత మొహం వైపు. వాడికీ అది తెలుసు. అయినా వస్తున్నాడు. నాలుగు గంటలు ఆ కుర్చీలో కూర్చోవడమంటే ఏమిటో కూర్చున్నవాళ్లకే తెలుసు. ఫ్యాను తిరగదు, టీవీలో మాట వినపడదు, ప్రతి తలుపు చప్పుడుకూ అందరి తలలూ లేస్తాయి.

నిన్నటి గురువారం నాకు మిషను మీద బీపీ పడిపోయింది. ఆలస్యమైంది. బయటికి వచ్చేసరికి హాలు దాదాపు ఖాళీ. వాడు మెడ ఒక పక్కకు వాలి నిద్రపోతున్నాడు, నా సంచి ఒళ్లో పెట్టుకుని, దాని పట్టీ చేతికి చుట్టుకుని. జుట్టులో తెల్లవెంట్రుకలు ఎప్పుడు వచ్చాయో చూడలేదు. భుజం మీద తట్టాను. ఉలిక్కిపడి లేచాడు.

"అయిపోయిందా అక్కా?"

"ఇయ్యాల్టికి" అన్నాను.